కోడలికి చాగాస్ వ్యాధి ఉందని తేలింది, పుట్టబోయే బిడ్డ సంగతేమిటి?

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. మీ అబ్బాయి బార్సిలోనాలో స్థిరపడి బొలీవియా దేశంలోని శాంతాక్రూజ్ ప్రాంతపు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడనీ, ఆమెకు ఇప్పుడు ఆరో నెల నడుస్తోందనీ, అక్కడి ఆసుపత్రిలో చేసిన రక్తపరీక్షలో చాగాస్ వ్యాధి ఉన్నట్టు తేలిందనీ, నాలుగేళ్ల పెద్ద పాప వేరే దేశంలో పుట్టినప్పుడు ఈ పరీక్ష ఊసు ఎవరూ ఎత్తలేదనీ రాశారు. గర్భం ఉంచుకోవచ్చా, బిడ్డ అవకరంతో పుడుతుందా, చనుబాలు పట్టవచ్చా, బారసాలకు గుంటూరు తీసుకురావచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను టెక్సస్‌లో నవజాత శిశువుల వార్డులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన పిల్లల వైద్యుణ్ణి. ఎల్ సాల్వడోర్, హోండురాస్, బొలీవియా నుంచి వచ్చిన తల్లులకు పుట్టిన బిడ్డలను చూస్తూనే ఈ వ్యాధి గురించి నేర్చుకున్నాను. హైదరాబాదులో ఎంబీబీఎస్ చదివిన రోజుల్లో నాకు దీని గురించి తెలిసింది పాఠ్యపుస్తకంలోని ఒక పేరా మాత్రమే.

గర్భం విషయంలో సందేహమే అక్కరలేదు, నిశ్చింతగా ఉంచుకోవచ్చు. చాగాస్ ఉన్న తల్లులు నూరుగురు ప్రసవిస్తే, సగటున అయిదుగురు బిడ్డలకు మాత్రమే అది సోకుతుంది. ఈ వ్యాధిని మోసే నల్లి జాతి పురుగులు లేని యూరప్ వంటి చోట్ల జరిగిన అధ్యయనాలలో ఈ సంఖ్య ఇంకా తక్కువగా కనిపించింది. సోకిన బిడ్డకు కూడా మొదటి ఏడాదిలోపు మందు వేస్తే, నూటికి తొంభై మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. పెద్దవయసులో ఇంత ఖచ్చితంగా నయం కాని ఈ జబ్బు పసిబిడ్డలలో ఇంత తేలికగా లొంగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అయితే ఈ శుభవార్త అంతా ఒక షరతు మీద ఆధారపడి ఉంది. బిడ్డకు సోకిందో లేదో సకాలంలో తెలియాలి. ఆ తెలుసుకోవడం పుట్టిన రోజున చేసే ఒక్క పరీక్షతో పూర్తి కాదు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక చేసే పరీక్షతో పూర్తవుతుంది. ఇంత పొడుగు సమాధానం రాయడానికి అసలు కారణం ఆ తొమ్మిదో నెల పరీక్షే.

ముందుగా మీ కోడలి గురించి. ఆమె పెళ్లికి ముందు ఈ సంగతి చెప్పలేదన్న చిన్న నొప్పి మీ మాటల్లో కనిపించింది. ఆమెకు తెలిసి ఉండదమ్మా. ఈ వ్యాధికి కారణం ట్రిపనోసోమా క్రూజీ అనే ఒంటికణపు పరాన్నజీవి. 1909లో బ్రెజిల్ వైద్యుడు కార్లోస్ చాగాస్, మినాస్ జెరాయిస్ రాష్ట్రంలోని లాసాన్స్ అనే ఊరిలో, రైలుమార్గం వేస్తున్న కూలీల మధ్య మలేరియా పనికని వెళ్లి, దీన్ని కనుగొన్నాడు. అక్కడి మట్టి గోడల నెర్రెలలో, కప్పు గడ్డిలో పగలు దాక్కుని రాత్రిళ్లు నిద్రపోతున్నవారి ముఖం మీద వాలి రక్తం తాగే పెద్ద నల్లి జాతి పురుగులు ఉంటాయి. బొలీవియాలో వాటిని వించూకా అంటారు. ఆ పురుగు కాటులో పరాన్నజీవి ఉండదు. రక్తం తాగుతూ అది వేసే రెట్టలో ఉంటుంది. దురద పుట్టి నిద్రలోనే గోక్కున్నప్పుడు, ఆ రెట్ట కాటు గాయంలోకో, కంటి పొరలోకో చేరుతుంది. అప్పుడు నాలుగు రోజుల జ్వరమో, ఒక కన్ను వాపో వచ్చి పోతుంది, చాలామందికి అదీ రాదు. ఆ తర్వాత పరాన్నజీవి గుండె కండరంలోనూ జీర్ణకోశంలోనూ ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండిపోతుంది. ప్రపంచంలో జనాభా లెక్కన చాగాస్ అత్యధికంగా ఉన్న దేశం బొలీవియా. అక్కడ పల్లెలో పుట్టి పెరిగిన పిల్లకు ఇది సోకడం, మన దగ్గర ఒకప్పుడు బోదకాలు సోకినట్టే, పుట్టిన చోటును బట్టి వచ్చిన సంగతి.

ఇంకొక అవకాశం కూడా ఉంది. ఆమెకు నల్లి అసలు కుట్టకపోయి ఉండవచ్చు, తన తల్లి కడుపులో ఉన్నప్పుడే సోకి ఉండవచ్చు. ఈ వ్యాధి తరం నుంచి తరానికి, అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి బిడ్డకు, నల్లితో నిమిత్తం లేకుండా నడవగలదు. దక్షిణ అమెరికా దేశాలు 1991లో కలిసికట్టుగా మొదలుపెట్టిన నల్లుల నిర్మూలన కార్యక్రమం వల్ల ఉరుగ్వే, చిలీ, ఆపైన 2006లో బ్రెజిల్, తమ ఇళ్లలోని ప్రధానమైన నల్లి ద్వారా వ్యాధి సోకడం ఆగిపోయిందని ధ్రువీకరణ పొందాయి. రక్తనిధులలో పరీక్షలు వచ్చాక ఆ దారీ చాలావరకు మూసుకుపోయింది. అలా ఒక్కొక్క తలుపూ మూస్తూ వస్తే, తల్లి నుంచి బిడ్డకు వచ్చే దారి మిగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నాటి పరిస్థితికి వేసిన అంచనా ప్రకారం, లాటిన్ అమెరికాలో ప్రసవించే వయసులో ఉన్న 11 లక్షల మందికి పైగా స్త్రీలకు ఈ వ్యాధి ఉంది, ఏటా 8,600 మందికి పైగా శిశువులు దీనితో పుడుతున్నారు. బార్సిలోనా ఆసుపత్రి మీ కోడలిని, ఆమె పుట్టిన దేశం చూసి, అడగకుండానే పరీక్షించడానికి కారణం ఇదే. బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతపు ప్రభుత్వం 2010లోనే లాటిన్ అమెరికా నుంచి వచ్చిన గర్భిణులకు ఈ పరీక్ష చేయాలని విధానం పెట్టింది. నేను పనిచేసిన చోట అటువంటి నియమం లేదు, అడగాలని తోచిన వైద్యుడు అడిగేవాడు, తోచనివాడు వదిలేసేవాడు. ఈ విషయంలో మీ కోడలు సరైన ఊళ్లోనే ఉంది.

తల్లి రక్తంలోని పరాన్నజీవి మాయను దాటి బిడ్డ రక్తంలో కలుస్తుంది. ఇది ఎక్కువగా గర్భం రెండో, మూడో త్రైమాసికాలలో జరుగుతుంది. మాయ ఊరికే దారి ఇచ్చే పొర కాదు. దాని పై కణాలు ఎప్పటికప్పుడు ఊడి, కొత్తవి పుడుతూ, దాడిచేసిన పరాన్నజీవులను చాలావరకు అక్కడే అడ్డగిస్తాయి. నూటిలో తొంభై అయిదుగురు బిడ్డలు తప్పించుకోవడానికి ఇదొక కారణం. తల్లి రక్తంలో పరాన్నజీవుల సంఖ్య ఎక్కువగా ఉంటే ప్రమాదం పెరుగుతుంది. గర్భంతో ఉండగానే కొత్తగా సోకినా, హెచ్ఐవీ కూడా ఉన్నా ముప్పు మరింత ఎక్కువ. మీ కోడలిది ఎప్పుడో చిన్ననాట సోకిన పాత వ్యాధి కావడం ఒక విధంగా ఊరట. ఆమె రక్తానికి పీసీఆర్ పరీక్ష, అంటే పరాన్నజీవి డీఎన్ఏను వెతికే పరీక్ష, చేసి ఉంటే ఆ ఫలితం అడిగి తెలుసుకోండి. అది నెగటివ్ అయిన తల్లి నుంచి బిడ్డకు సోకడం చాలా అరుదు. సిజేరియన్ చేస్తే బిడ్డకు రక్షణ అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. సోకేది కడుపులో ఉండగా మాయ ద్వారా కాబట్టి కాన్పు ఏ తీరున జరిగినా తేడా ఉండదు. గర్భంతో ఉండగా మందు వేయరు, ఎందుకంటే బెంజ్‌నిడజోల్, నిఫుర్టిమాక్స్ అనే రెండు మందులూ గర్భిణులకు సురక్షితమని రుజువు కాలేదు. ఈ మూడు నెలలు చేయవలసింది మామూలు గర్భిణికి చేసే సంరక్షణే. దానికి తోడు ఒక ఈసీజీ, అవసరమనుకుంటే గుండె స్కానింగు.

అవకరం మాటకు వస్తే, ఈ వ్యాధి కాళ్లూ చేతులూ వంకర చేసే రకం కాదు. సోకిన బిడ్డలలో ఎక్కువమంది పుట్టినప్పుడు చూడటానికి ఏ లోటూ లేకుండా, ఎర్రగా, బొద్దుగా ఉంటారు. కొందరు నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుడతారు, కొందరికి కామెర్లు, రక్తహీనత, కాలేయం ప్లీహం పెరగడం కనిపిస్తాయి. గుండె కండరానికో మెదడు పొరకో వాపు వచ్చి ప్రాణం మీదకు వచ్చే స్థితి ఉంది కానీ, అది కొద్దిమందిలోనే. నా అనుభవంలో, జబ్బుగా పుట్టిన బిడ్డ కంటే ఆరోగ్యంగా కనిపించే బిడ్డ విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. జబ్బుగా ఉన్న బిడ్డను అందరూ పట్టించుకుంటారు కదా.

ఇక పరీక్షలు. కొన్నేళ్ల కిందట కొన్ని వారాలు బొలీవియాలోని కొచబంబాలో ఒక ప్రసూతి ఆసుపత్రి ల్యాబులో కూర్చుని ఈ పని నేర్చుకున్నాను. బొడ్డుతాడు నుంచో, పసిబిడ్డ మడమ నుంచో తీసిన రక్తాన్ని వెంట్రుకంత సన్నని గాజు గొట్టాలు నాలుగైదింటిలో నింపి, ఒక కొస మైనంలాంటి బంకమట్టితో మూసి, యంత్రంలో అయిదు నిమిషాలు గిర్రున తిప్పుతారు. ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి, పైన లేత పసుపు ద్రవం తేలుతుంది, రెండింటి మధ్య తెల్లకణాల సన్నని గీత ఒకటి ఏర్పడుతుంది. పరాన్నజీవి ఉంటే ఆ గీత దగ్గరే ఉంటుంది. గొట్టాన్ని అలాగే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాలి. నేను పరాన్నజీవి ఆకారం కోసం వెతుకుతూ కళ్లు నొప్పి పుట్టించుకుంటుంటే, అక్కడ పాతికేళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్ నవ్వి, దాన్ని వెతక్కు, పక్కనున్న ఎర్రకణాలను చూడు అంది. కాసేపటికి, కదలకుండా ఉన్న ఎర్రకణాల గుంపులో ఒకచోట, చెరువులో చేపపిల్ల దూరినప్పుడు నాచు కదిలినట్టు, చిన్న కల్లోలం కనిపించింది. అదే ట్రిపనోసోమా. ఈ పరీక్షకు ఖర్చు చాలా తక్కువ, ఫలితం గంటలో వస్తుంది. కానీ చూసేవారి కంటి మీదా ఓపిక మీదా ఆధారపడుతుంది. పరాన్నజీవులు కొద్దిగా ఉంటే దొరకకపోవచ్చు.

దొరకకపోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. కాన్పుకు కొద్ది వారాల ముందే సోకిన బిడ్డ రక్తంలో పుట్టిన రోజున పరాన్నజీవులు ఇంకా పెరిగి ఉండవు. సుమారు నెల రోజుల వయసులో వాటి సంఖ్య శిఖరానికి చేరుతుంది. అందుకే పుట్టగానే ఒకసారి, నెల నుంచి ఆరు వారాల మధ్య మరొకసారి సూక్ష్మదర్శినితో గాని పీసీఆర్‌తో గాని చూస్తారు. ఈ రెండింటిలో పరాన్నజీవి కనిపిస్తే వెంటనే మందు మొదలవుతుంది. పుట్టిన రోజు పీసీఆర్ ఒక్కటే పాజిటివ్ వస్తే మాత్రం కొందరు వైద్యులు మరోసారి చేసి నిర్ధారించుకుంటారు, ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన చచ్చిన పరాన్నజీవి తాలూకు డీఎన్ఏ తునకలు కూడా అందులో పట్టుబడవచ్చు.

మరి మీ కోడలికి చేసిన ప్రతిరక్షకాల (పరాన్నజీవిని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల) పరీక్షే బిడ్డకూ చేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. చాలదు. తల్లి రక్తంలోని ఐజీజీ అనే రకం ప్రతిరక్షకాలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి కాబట్టి, పుట్టిన రోజున ఆ పరీక్ష చేస్తే వ్యాధి సోకని బిడ్డకు కూడా పాజిటివ్ వస్తుంది. మన దగ్గర తట్టు టీకాను తొమ్మిది నెలలు నిండేదాకా ఆపడం మీకు తెలుసు కదా, దానికీ ఇదే కారణం. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు అప్పటికి తరిగిపోతాయి. కనుక బిడ్డకు తొమ్మిది నెలలు దాటాక, అర్జెంటీనాలో పది నెలలకు, ఈ పరీక్ష చేస్తారు. అప్పుడు నెగటివ్ వస్తే బిడ్డకు వ్యాధి సోకలేదని తేలిపోయినట్టే, ఇక ఏ పరీక్షా అక్కరలేదు. పాజిటివ్ వస్తే కొన్నిచోట్ల ఏడాది వయసులో మరోసారి నిర్ధారించి, మందు మొదలుపెడతారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక ఎల్ సాల్వడోర్ తల్లికి పుట్టిన మగబిడ్డకు మా వార్డులో పుట్టిన రెండో రోజున రక్తం చూశాం, ఏమీ దొరకలేదు. ఇంటికి పంపే కాగితంలో చాగాస్ పరీక్ష నెగటివ్ అని రాసి ఉంది. నెల తర్వాత, తొమ్మిది నెలల తర్వాత మళ్లీ చూడాలన్న మాట ఎక్కడా లేదు. ఆ కాగితం మీద సంతకం నాదే. ఆ తల్లి దాన్ని జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో దాచుకుని, రెండో కాన్పుకు వెళ్లిన వేరే ఆసుపత్రిలో చూపించింది, నా పెద్దవాడికి లేదు, కాగితం ఉంది అని. అక్కడి నర్సు అనుమానపడి పరీక్ష చేయిస్తే, అప్పటికి అయిదేళ్లు నిండిన ఆ పిల్లవాడికి వ్యాధి ఉందని తేలింది. మందు వేశారు, పిల్లవాడు బాగానే ఉన్నాడు. కానీ నాలుగో వారంలో మొదలుకావలసిన మందు అయిదేళ్లు ఆలస్యమైంది. ఆ తర్వాత నేను సంతకం పెట్టిన ప్రతి కాగితంలోనూ తొమ్మిదో నెల తేదీని పెద్ద అక్షరాలతో నా చేత్తోనే రాసేవాణ్ణి. మీ అబ్బాయితో కూడా ఆ తేదీని ఇప్పుడే ఫోనులో గుర్తు పెట్టుకోమని చెప్పండి. ఆసుపత్రి పిలిస్తే మంచిదే, పిలవకపోయినా వెళ్లాలి.

సోకినట్టు తేలితే బిడ్డకు వేసేది ఎక్కువగా బెంజ్‌నిడజోల్. బిడ్డ బరువును బట్టి మోతాదు నిర్ణయించి, రోజుకు రెండుసార్లు, 60 రోజులు ఇస్తారు. ఒకప్పుడు పెద్దల కోసం చేసిన 100 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలో ఎనిమిది ముక్కలో చేసి, పొడి నూరి, కళ్లతో కొలిచి ఇవ్వవలసి వచ్చేది. చేతి కింద ముక్క కాస్త పెద్దదైతే మోతాదు మారిపోయేది. 2011లో బ్రెజిల్‌లో పసిబిడ్డల కోసమే 12.5 మిల్లీగ్రాముల మాత్ర వచ్చింది. చెంచాలో కాసిని నీళ్లు పోసి మాత్ర వేస్తే అదే విడిపోతుంది. నిఫుర్టిమాక్స్ కూడా 2020 నుంచి అమెరికాలో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్లలోపు పిల్లలకు అనుమతి ఉన్న మందే. పెద్దవారిలో ఈ మందులకు ఒంటి మీద దద్దుర్లు, ఆకలి మందగించడం, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం వంటి ఇబ్బందులు తరచుగా వస్తాయి. విచిత్రంగా పసిబిడ్డలు మాత్రం చాలా తేలికగా తట్టుకుంటారు. మధ్యమధ్య రక్తకణాల లెక్క చూస్తారు. మందు ఎంత త్వరగా వేస్తే, ప్రతిరక్షకాలు అంత త్వరగా మాయమై నయమైనట్టు తేలుతుంది. పుట్టిన కొద్ది నెలల్లో మందు వేసిన బిడ్డలో ఏడాదిలోపే అది తెలిసిపోతుంది, అయిదారేళ్ల పిల్లలలో ఏళ్లు పడుతుంది.

ఇప్పుడు పెద్ద పాప. అందరూ కడుపులోని బిడ్డ గురించి ఆలోచిస్తూ మరిచిపోయేది ఈ నాలుగేళ్ల పిల్లనే. ఆమె కూడా ఇదే తల్లికి పుట్టింది, అప్పుడూ తల్లికి ఈ వ్యాధి ఉంది. ఆమె వయసులో పరీక్ష చాలా సులువు, ఒక్కసారి రక్తం తీసి ప్రతిరక్షకాలు చూస్తే చాలు. కాన్పు దాకా ఆగవలసిన పని లేదు, ఈ వారమే చేయించమనండి. అర్జెంటీనా 2007లో చేసిన 26,281వ నంబరు చట్టంలో గర్భిణితో పాటు నవజాత శిశువునూ, మిగతా పిల్లలనూ పరీక్షించడం తప్పనిసరి చేసింది, ఆ చట్టంలో నాకు నచ్చింది ఇదే. మీ కోడలి తల్లి, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు కూడా బొలీవియాలో గాని స్పెయిన్‌లో గాని పరీక్ష చేయించుకోవడం మంచిది.

కాన్పు తర్వాత మీ కోడలు తన మందు తాను వేసుకోవాలి. బిడ్డ గండం గడిచిందని సంబరపడి తల్లిని వదిలేసిన ఇళ్లు చాలా చూశాను. వ్యాధి ఉన్నవారిలో నూటికి ఇరవై నుంచి ముప్ఫై మందికి ఏళ్లు గడిచాక గుండె దెబ్బతింటుంది, లయ తప్పుతుంది. అన్నవాహికో పెద్దపేగో సాగిపోయేవారూ కొందరుంటారు. ఆమె వయసులో మందు ఈ ముప్పును పూర్తిగా తప్పిస్తుందని గట్టిగా చెప్పలేను. కానీ గర్భానికి ముందే మందు వాడిన స్త్రీలకు పుట్టిన బిడ్డలలో వ్యాధి దాదాపు కనిపించలేదని అర్జెంటీనాలోని అధ్యయనాలు చూపించాయి. మూడో కాన్పు ఆలోచన ఉన్నా లేకున్నా, మందు వాడే 60 రోజులూ గర్భం రాకుండా జాగ్రత్త పడాలి.

చనుబాలు పట్టవచ్చు, పట్టాలి కూడా. పాత వ్యాధి ఉన్న తల్లి పాల ద్వారా బిడ్డకు సోకుతుందనడానికి ఆధారం లేదు. చనుమొనలు పగిలి రక్తం కారుతుంటే మాత్రం, అవి మానేదాకా ఆ వైపు పాలు పిండి పారబోయడం మంచిది. మందు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఆమె వైద్యులతో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం. బెంజ్‌నిడజోల్ పాలలోకి చాలా కొద్దిగానే వస్తుందని తెలిసినా, చాలామంది వైద్యులు పాలు మాన్పించాకనే మొదలుపెడతారు.

బారసాల గురించి. మీ ఇంట్లో ఎవరికీ ఆమె నుంచి ఇది అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్క మీద పడుకున్నా, పిల్లను ముద్దాడినా రాదు. మన దోమలు దీన్ని మోయవు. మన దేశంలోనూ ఆ జాతికి చెందిన నల్లి ఒకటి ఉన్న మాట నిజమే కానీ, ట్రిపనోసోమా క్రూజీ ఇక్కడ స్థిరపడలేదు. ఆమె ఇక్కడ రక్తదానం మాత్రం చేయకూడదు. మన రక్తనిధులలో ఈ వ్యాధికి పరీక్ష చేయరు కాబట్టి, దానం చేయకుండా ఉండే బాధ్యత ఆమెదే. ఇరవై ఒకటో రోజుకే రమ్మని పట్టుబట్టకండి, నెల నుంచి ఆరు వారాల మధ్య చేసే పరీక్ష అయ్యాక, ఫలితం చేతికి వచ్చాక బయలుదేరమనండి. బారసాల మూడో నెలలో చేసుకున్నవాళ్లు మన వైపు కొల్లలు. వచ్చేటప్పుడు పరీక్షల కాగితాల నకళ్లు వెంట తెచ్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ బిడ్డకు జ్వరం వస్తే చూసే వైద్యుడికి ఈ సంగతి తోచే అవకాశం తక్కువ. ఎన్నాళ్లు ఉన్నా తొమ్మిది నెలలు నిండేసరికి బిడ్డ బార్సిలోనాలో ఉండేట్టు తిరుగు టిక్కెట్టు ముందే కొనమనండి, ఆ పరీక్ష ఇక్కడి మామూలు ల్యాబులలో చేయించుకోవచ్చులే అని అనుకోవద్దు.